గరుకు వేరు, గతుకు వేరు

కొండప్రాంతపు పాఠశాలలో ఇంగ్లీషు బోధించే ఉపాధ్యాయునికి, మైదానములోని ఉపాధ్యాయునికి అంతగా తెలియని చిక్కు ఒకటి ఉన్నది. చింతపల్లి వంటి చోట తరగతిగది కిటికీ తెరిస్తే కనుపించేదంతా ఎత్తుపల్లములే. నర్సీపట్నము దాటి లంబసింగి మీదుగా ఎక్కివచ్చే ఘాటురోడ్డు మొదలు, పోడుచేనికి పోయే కాలిబాట వరకు, చదునైనదంటూ కంటికి అరుదుగా ఆనుతుంది. ఇక్కడి విద్యార్థి తన ఊరిని గురించి అయిదు వాక్యములు వ్రాయవలెనంటే, అందులో రెండయినా ఈ ఎగుడుదిగుళ్ళను గురించి వ్రాయక తప్పదు. ఆ మాటకు ఇంగ్లీషు ఏమిటని వెదకబోతే ఒకటి కాదు, పది మాటలు బారులు తీరి ఎదురవుతాయి. అనీవెన్, రఫ్, రగ్గెడ్, బంపీ, కోర్స్, జాగెడ్, అండ్యులేటింగ్. ఇంకా ఓపిక ఉంటే మరికొన్ని. చేతి నిఘంటువులలో వీటి కెదురుగా ఉండే తెలుగు ఇంచుమించు ఒక్కటే.

వీటిలో ఏది వ్రాసినా ఒకటేనని నమ్మే విద్యార్థి ఒకడు ఉంటాడు. ఏది వ్రాస్తే ఏమి తప్పో అని జంకి, 'రోడ్డు బాగులేదు' అని మాత్రము వ్రాసి ఊరుకొనే విద్యార్థి మరొకడు ఉంటాడు. నామటుకు నాకు రెండవవాడే మంచి విద్యార్థిగా తోస్తాడు. మాటకూ మాటకూ తేడా ఉన్నదని వానికి పొడగట్టినది. ఆ తేడా ఎక్కడ ఉన్నదో చూపేవారు లేకపోవడమే వాని కొరత. ఈ విషయములో వ్యాకరణము చేసే సాయము లేదు. 'ది రోడ్ ఈజ్ రగ్గెడ్' అనే వాక్యములో కర్త ఉన్నది, క్రియ ఉన్నది, విశేషణము తన చోట తాను ఉన్నది. ఎఱ్ఱసిరా కలము పట్టిన పరీక్షకుడు దానిని కొట్టివేయలేడు. అయినా వ్రాసిన పిల్లవాని మనస్సులోని రోడ్డు వేరు, చదివినవాని మనస్సులో పడే రోడ్డు వేరు. ఆ తేడా ఎంత దూరము పోతుందో కొంచెము తరువాత చూతము. ముందు మాటల సంగతి తేల్చుకొందాము.

వీటిని అర్థములనుబట్టి విడదీయబోతే చేతికి చిక్కవు. ఎగుడుదిగుడును కనిపెట్టినది ఏది, అరచేయా, వ్రేళ్ళా, నడుమా, కొలబద్దా, కన్నా అని అడిగితే మాత్రము చాలావరకు వాటంతట అవే విడివడతాయి. రఫ్ అనేది అరచేతి మాట. కోర్స్ అనేది పిండినో గుడ్డనో వ్రేళ్ళ నడుమ నలిపి చూచినవాని మాట. బంపీ అనేది బండిలో కూర్చున్నవాని నడుము చెప్పే మాట. అనీవెన్ అనేది తాపీమేస్త్రి రసమట్టము చెప్పేది. రగ్గెడ్ అనేది దూరమునుండి చూచే కంటిది. ఇది తరగతి అవసరానికి ఏర్పరచుకొన్న బండగుర్తు మాత్రమే. నిఘంటుకర్తలు దీనిని శాసనముగా ఒప్పుకొనరు, ఒప్పుకొననవసరమూ లేదు.

రఫ్‌తో మొదలుపెడదాము. దీనికి మనకు చక్కని తెలుగు ఉన్నది: గరుకు. నున్ననిదానికి ఎదురు గరుకు, స్మూత్‌కు ఎదురు రఫ్. రెండు భాషలలోనూ జత సరిపోయినది. మన్యములో పసుపు పండించే ఇండ్ల పిల్లలకు దీనిని వివరించనక్కరలేదు. ఉడికించి ఎండవేసిన పసుపుకొమ్ము పైన పొలుసులూ వేళ్ళ తునకలూ అంటుకొని, చేయి వేస్తే గీరుకొంటుంది; అది రఫ్. దానిని పీపాలో వేసి త్రిప్పి రాపిడి పెట్టి మెరుగు తెప్పిస్తారు. అప్పుడది స్మూత్, పాలిష్‌డ్. మెరుగు పెట్టనిది అనే ఈ భావము నుండే ఇంగ్లీషువారు రఫ్‌ను ఎన్నో చోట్లకు నడిపించినారు. చిత్తుపుస్తకము రఫ్ నోటు. చేతి అంచనా రఫ్ ఎస్టిమేటు. ఈ రెండు మాటలూ ఇప్పుడు తెలుగువే అయిపోయినవి. అయితే మనము చిత్తుపుస్తకమును గరుకుపుస్తకము అనము. ఇంగ్లీషు మాట తిరిగే వీధులన్నీ తెలుగు మాట తిరగదని చూపడానికి ఈ ఒక్క ఉదాహరణ చాలును.

గరుకు లోపమని కూడ విద్యార్థి అనుకోరాదు. కాఫీతోటలలో నీడకై పెంచే సిల్వర్ ఓకు చెట్టు బెరడు నెఱ్ఱెలు వారి గరుకుగా ఉంటుంది. దానిని పట్టుకొనే మిరియపు తీగె పైకి ప్రాకుతుంది. తిరుగలి నున్నబడితే పిండి పడదు. కక్కు కొట్టించి మళ్ళీ గరుకు చేయించుకొంటాము. రఫ్‌ను ఎప్పుడూ తిట్టుగానే వాడే పిల్లవానికి ఈ రెండూ చెప్పదగినవి.

కోర్స్ సంగతి వేరు. దీనికి సరియైన తెలుగు ముతక. రఫ్‌కు ఎదురు స్మూత్ అయితే కోర్స్‌కు ఎదురు ఫైన్, అనగా సన్నము. ముతకబట్ట, ముతకనూలు, ముతక ఇసుక. అన్నిటిలోనూ పోగో రేణువో లావైనదని అర్థము. ఉపరితలముకంటె ఆ పదార్థపు కట్టడము గూర్చి చెప్పే మాట ఇది. అందుచేత కోర్స్ రోడ్ అనరు, కోర్స్ హిల్ అనరు. కోర్స్ శాండ్ అంటారు, కోర్స్ క్లాత్ అంటారు. పుట్టుకలో ఇది 'మామూలుగా జరిగేది' అనే అర్థముగల మరొక కోర్స్ నుండి వచ్చినదే. మామూలిది క్రమముగా నాసిది అయినది. నాసిది తరువాత మొరటుదయినది.

ఈ జారుడు మన ఇండ్లదాక వచ్చినది. రాగి, జొన్న, సజ్జ, సామ వంటి పంటలను మన ప్రభుత్వపు లెక్కలలో చాలాకాలము కోర్స్ సీరియల్స్ అని వ్రాస్తూ వచ్చినారు. తెలుగులో అది ముతకధాన్యములైనది. మన్యపు వాలులమీద తరతరాలుగా పండే తిండి అంతా ఆ శీర్షిక క్రిందికే చేరినది. సామగింజ నిజముగా వరిగింజకంటె ఎంతో చిన్నది. అయినా అది ముతక, వరి సన్నము! మాట పదార్థమును వదలి తినేవారి అంతస్తును పట్టుకొన్నదని దీనినిబట్టి గ్రహించవచ్చును. 2018లో భారతప్రభుత్వము ఈ పేరును తీసివేసి న్యూట్రి సీరియల్స్ అని మార్చినది. ఆ ఏడాదిని జాతీయ చిరుధాన్య సంవత్సరముగా ప్రకటించినది. 2023ను ఐక్యరాజ్యసమితి అంతర్జాతీయ చిరుధాన్య సంవత్సరముగా జరిపినది. కొత్తపేరు అంత అందమైనదని నేననను. దానిలో మందులకొట్టు వాసన కొంత ఉన్నది. పాతపేరు పోవడము మాత్రము మంచిదే అయినది.

అనీవెన్ ఈ మాటలన్నిటిలో ఎక్కువ ఉపకారి, తక్కువ రంగుగలది. సమముగా లేదని మాత్రమే అది చెబుతుంది; ఎందువల్ల లేదో, ఎంత లేదో చెప్పదు. గచ్చు ఒకవైపు దిగితే అనీవెన్. కుట్టు ఒకచోట దగ్గరగా ఒకచోట ఎడముగా పడితే అనీవెన్. ఏ మాట వాడవలెనో తోచనప్పుడు విద్యార్థి దీనిని వాడితే అపాయము లేదు. దీనికి మన సంస్కృతపదము విషమము ఎంత దగ్గర చుట్టమో గమనించదగినది. ఈవెన్ నంబరు సరిసంఖ్య లేక సమసంఖ్య. దానికి జోడుగా విషమసంఖ్య అని మనము బేసిసంఖ్యను పిలిచినాము. విషమభూమి అంటే ఎగుడుదిగుడు నేల. విషమస్థితి అంటే ప్రాణాపాయపు స్థితి. నేల నుండి లెక్కకూ, లెక్క నుండి రోగి మంచము దగ్గరకూ ఒకే మాట నడిచినది. ఇంగ్లీషు అనీవెన్ ఆ చివరి మజిలీకి పోలేదు. రోగి స్థితి అనీవెన్‌గా ఉన్నదని వ్రాసిన విద్యార్థి ఉంటే, అతడు తెలుగులో ఆలోచించినాడని అర్థము. ఆలోచన మంచిదే, మాట అక్కడికి పనికిరాదు.

సంస్కృతము ప్రసక్తి వచ్చినది గనుక మరొక్క మాట. కావ్యములలో సుమబంధురము, గంధబంధురము అని వింటూ ఉంటాము. బంధురమంటే ఇంపైనది, నిండైనది అని మనకు అలవాటైన అర్థము. అమరకోశములో ఈ మాటకు ఇచ్చిన అర్థము ఎత్తుపల్లములు గలది అని. ఎగుడుదిగుడుకూ ఇంపుకూ ఒకే మాట ఎట్లా కుదిరినదో పండితులు తేల్చవలసినదే గాని, లంబసింగి మలుపు దగ్గర తెల్లవారుజామున నిలిచి క్రింది లోయలలో మంచు ఎక్కడ లోతుగా ఉన్నదో ఎక్కడ పలుచగా ఉన్నదో చూచినవారికి ఆ మాట వింతగా తోచదు.

ఇక రోడ్డు మాటలు. మనకు గతుకు అనే మాట ఒక్కటే ఉన్నది. గుంటయినా గతుకే, మిట్టయినా గతుకే, బండి ఎగిరితే చాలును. ఇంగ్లీషువాడు ఈ చోట ఎక్కువ పట్టింపు గలవాడు. బంప్ అంటే పైకి లేచినది; అటువంటివి ఎక్కువైతే బంపీ. బండి కుదుపును కూడ చెప్పే మాట గనుక ప్రయాణమును కూడ బంపీ రైడ్ అంటారు. క్రిందికి దిగినది పాట్‌హోల్. వాన వెలిసిన తరువాత బండిచక్రము పోయిన చోటనే మళ్ళీ మళ్ళీ పోయి కోసిన చాలు రట్. అటువంటి బాట రట్టెడ్. మట్టిరోడ్డు మీద వాహనముల తాకిడికి అడ్డముగా వరుస వరుసలుగా లేచే చిన్న అలల వంటి ముడతలు కారుగేషన్లు. ఇంటిపై కప్పే రేకు మడతలకూ ఈ పేరే. ముడత అనే లాటిను మాట దీనికి మూలము. రేకుల ఇంట్లో పెరిగిన పిల్లవానికి ఆ రోడ్డును చూపితే మరి చెప్పవలసిన పని లేదు.

ఇన్ని మాటలు ఎందుకని అడుగవచ్చును. బాగుచేసేవానికి ఇవి వేరు వేరు జబ్బులు. పాట్‌హోలును పూడ్చవలెను, రట్టును చదును చేసి నీరు పోయే దారి చూపవలెను, బంపును చెక్కవలెను. గతుకుల రోడ్డు అని అర్జీ పెడితే ఇంజనీరుకు జ్వరమని చెప్పినట్లు ఉంటుంది. ఏ జ్వరమో చెప్పినట్లు కాదు. సామాన్యముగా తోచే రఫ్‌ను కూడ ఇంజనీర్లు కొలతలోనికి దింపినారు. 1982లో బ్రెజిల్ దేశములో ప్రపంచబ్యాంకు పూనికతో జరిగిన పరిశోధనల ఫలితముగా అంతర్జాతీయ రఫ్‌నెస్ సూచిక అనేది ఏర్పడినది. కిలోమీటరు దూరములో బండి ఎన్ని మీటర్ల మేర క్రిందుమీద లైనదో లెక్కకట్టి రోడ్డు గరుకుతనమును అంకెలో చెబుతారు. అరచేతి మాట చక్రమునకు పోయి అంకె అయినది.

ఇక్కడ ఒక చిన్న హెచ్చరిక అవసరము. పాత ప్రభుత్వపత్రములలోనూ పటములలోనూ మెటల్డ్ రోడ్, అన్‌మెటల్డ్ రోడ్ అని ఉంటుంది. మెటల్ అంటే లోహమని నేర్చిన పిల్లవాడు ఇనుపరోడ్డును ఊహించుకొంటాడు. రోడ్డు పనిలో మెటల్ అంటే పగులగొట్టిన కంకరరాయి. మన కూలీలకు ఈ సంగతి బాగుగా తెలుసును. మెటలు తోలినారని వారు అంటూనే ఉంటారు.

రట్ దగ్గర కొంచెము ఆగవలసి ఉన్నది, ఏలయన అనువాదము చేసేవారు కాలు జారే తావు ఇది. రట్‌కు తెలుగు గాడి. బండిగాడి, చక్రపుగాడి. ఇంతవరకు బాగున్నది. మనము 'వాని సంసారము గాడిన పడినది' అంటే మెచ్చుకొంటున్నాము. అంతవరకు తప్పిన బండి దారికి వచ్చినదని సంతోషిస్తున్నాము. ఇంగ్లీషువాడు ఒకడు రట్‌లో పడినాడంటే జాలిపడుతున్నాడు. రోజూ అదే పని, అదే త్రోవ, బయటపడే దారి లేదని భావము. బురదనేలలో బండి తోలే మన రైతుకు గాడి దిక్కు. గాడి తప్పితే ఇరుసు విరుగుతుంది. ఒకే గుర్తును ఒకరు ఆసరా అన్నారు, మరొకరు చెర అన్నారు. తెలుగులో పొగిడినదానిని మాటకు మాట ఇంగ్లీషు చేస్తే తిట్టి పంపినట్లవుతుంది. దీనిని ఏ నిఘంటువైనా ఒక పంక్తిలో చెప్పగలదా అని నా సందేహము.

ఇప్పుడు అసలు మాటకు వత్తము. రగ్గెడ్. దీని పూర్వజన్మ ఉత్తరదేశపు భాషలలో; జూలువలె చిందరవందరగా ఉన్న వెంట్రుకలనో ఉన్నినో చెప్పే మాటకు చుట్టము. నేలమీద పరచుకొనే రగ్గు కూడ ఆ కుటుంబములోనిదే. తరువాత అది కొండలకెక్కినది. ఇప్పుడు రగ్గెడ్ అంటే రాళ్ళూ రప్పలూ చరియలూ గండ్లూ నిండి, ప్రకృతి చేతితోనే గట్టిపడి, మనిషి సులభముగా లొంగదీయలేని నేల. ఎండావానలకు ఆరితేరిన మగవాని ముఖమును రగ్గెడ్ అని మెచ్చుకొంటారు. క్రింద పడినా పగలని యంత్రమును రగ్గెడ్ అని అమ్ముతారు. ఈ మాటలో ఒక గౌరవము ఉన్నది. అన్నిటికంటె ముఖ్యముగా, ఇది ఎవరి తప్పూ కాదు అనే ధ్వని ఉన్నది.

భూగోళపాఠములో ఈ మాటకు ఇరుగుపొరుగులు ఉన్నవి. అండ్యులేటింగ్ అంటే అలలవలె మెల్లగా లేచి మెల్లగా దిగే నేల. అల అనే లాటిను మాటనుండి వచ్చినది. తెలంగాణ పీఠభూమిలో చాలా భాగమునకు అది సరిపోతుంది, మన్యమునకు సరిపోదు. నిమ్నోన్నతము అని మన పాఠ్యపుస్తకములు దీనిని అనువదించినవి. పిల్లలు దానిని బట్టీపట్టి, ఏ కొండ కనబడినా నిమ్నోన్నతమే అంటారు. అల విరిగి నిలువునా నిలిస్తే అది అండ్యులేటింగ్ కాదు. ఏరులు కోసి కోసి ముక్కలు చేసిన పీఠభూమిని డిసెక్టెడ్ అంటారు. తూర్పుకనుమలు పడమటికనుమలవలె అవిచ్ఛిన్నమైన గోడ కావు; మహానది, గోదావరి, కృష్ణ, పెన్న వాటిని తెంచి సముద్రమునకు దారి చేసుకొన్నవి. చింతపల్లి ప్రాంతములో కొన్ని కొండల నెత్తి బల్లవలె చదునుగా ఉంటుంది. ఆ చదునుమీదనే బాక్సైటు పొర. రగ్గెడ్ అని ఒక్కమాటలో తేల్చిన దేశములో కూడ ఇటువంటి బల్లలు ఉంటాయన్నమాట. చూచి వ్రాయవలసినదే గాని, చదివి వ్రాయరాదు.

ఈ నేలను రగ్గెడ్ అనవలసినవారు ఎవరు అనే ప్రశ్న కూడ ఉన్నది. 1922 ఆగస్టు 22న అల్లూరి సీతారామరాజు తన అనుచరులతో చింతపల్లి పోలీసుస్టేషను మీద పడినాడు. తరువాతి రెండు రోజులలో కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి. ఆ పోరు 1924 దాక సాగినది. మైదానపు పోలీసులకు ఈ కొండలలో కాలు నిలువక, ప్రభుత్వము మలబారు ప్రత్యేకదళమునూ, కొండలకు అలవాటైన అస్సాం రైఫిల్సునూ రప్పించవలసి వచ్చినది. దళములకు దుర్గమమైన నేల గాము గంటముదొరకూ మల్లుదొరకూ ఇంటిదారి. అదే బాట, ఒకరికి రగ్గెడ్, మరొకరికి నడవ. ఆ తిరుగుబాటుకు చరిత్రకారులు చెప్పే కారణములలో రోడ్డు ఒకటి కావడము విశేషము. నర్సీపట్నము నుండి చింతపల్లికి లంబసింగి మీదుగా రోడ్డు వేయించడములో గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ మన్యమువారిచేత నిర్బంధముగా పని చేయించి, కూలి సరిగా ఇవ్వలేదనేది నాటి ప్రధానమైన ఫిర్యాదు. ఎగుడుదిగుడును చదును చేసినవారి చేతులు ఎవరివో, ఆ చదునుమీద బండెక్కి పోయినవారు ఎవరో ఏ విశేషణమూ చెప్పదు.

ఇంతకుముందు వాయిదా వేసిన సంగతి ఇప్పుడు చెప్పవచ్చును. ఒక కొండగూడెములో పదవతరగతి చదివిన పిల్ల తన ఊరివారి తరఫున పై అధికారికి ఇంగ్లీషులో అర్జీ వ్రాసినదనుకొందాము. మన్యములో ఇది కల్పన అనిపించే విషయము కాదు. బడికి పోయే పిల్లలచేతనే పెద్దలు ఇటువంటివి వ్రాయిస్తారు. నిండుచూలాలిని డోలీలో మోసుకొని పెద్దరోడ్డుదాక దించవలసి వచ్చిన వార్తలు ఈ ప్రాంతమునుండి ఏటేట వస్తూనే ఉన్నవి. ఆ పిల్ల ఎంతో శ్రద్ధగా నిఘంటువు చూచి 'ది రోడ్ టు అవర్ విలేజ్ ఈజ్ రగ్గెడ్' అని వ్రాస్తుంది. చదివిన అధికారి మనస్సులో పడేది కొండ, బండ, ప్రకృతి. కొండ మార్గము రగ్గెడ్‌గా ఉండక ఏమవుతుంది? ఆ వాక్యములో తప్పిదము లేదు, చేయవలసిన పని లేదు. దానిలో ఉన్నది దృశ్యవర్ణన. 'రెండు వానాకాలములుగా మరమ్మతు లేక రోడ్డు గాళ్ళు పడి గుంటలు పడినది' అని రట్టెడ్, పాట్‌హోల్డ్ అనే మాటలతో వ్రాస్తే అది అర్జీ. అసలు రోడ్డే లేకపోతే రోడ్డుకు విశేషణము వెదకడమే పొరపాటు. దేర్ ఈజ్ నో రోడ్ అని నాలుగు మాటలు చాలును. ఆ చివరి వాక్యము నేర్పడానికి ఏ నిఘంటువూ అక్కరలేదు, కాని అర్జీ అనగానే పెద్దమాట పడవలెనని పిల్లలకు మనమే అలవాటు చేసినాము.

దీనికి అవతలి ముఖము కూడ ఉన్నది. రగ్గెడ్ టెరైన్ వల్ల పని ఆలస్యమైనది అనే వాక్యము ప్రభుత్వనివేదికలకు ఎంత అనువైనదో చెప్పనక్కరలేదు. కొండ నిజముగానే కఠినమైనది. ఘాటురోడ్డు వేయడము మైదానములో వేసినంత సులభము కాదు. వానకు చరియలు జారుతాయి. అది అబద్ధము కాదు. అయితే ఆ మాట ఎక్కడ వర్ణన, ఎక్కడ సాకు అని గుర్తించే చదువరి ఉండవలెను. 2025లో రాష్ట్రప్రభుత్వము అడవితల్లి బాట అనే పేరుతో మన్యపు గూడెములకు రోడ్లు వేసే కార్యక్రమము ఆరంభించినది. అవి పడిన చోట, కొన్ని వానలు గడచిన తరువాత, రగ్గెడ్ అనే మాట వాడడానికి వీలుండదు. అప్పుడు రోడ్డు చెడితే బంపీ, పాట్‌హోల్డ్, రట్టెడ్ అనవలసినదే. ఆ మాటలు ఈ పిల్లలకు ముందుగానే వచ్చి ఉండడము మంచిది.

మిగిలిన మాటలను తరగతిగదిలోకంటె సంతలో చెప్పడము తేలిక. చింతపల్లి సంతకు పోయినవారికి వీటికి కావలసిన వస్తుసామగ్రి అంతా అక్కడనే దొరుకుతుంది. పచ్చిమీద నున్నగా ఉన్న మిరియము ఎండి ముడతలు పడితే రింకిల్డ్. సీతాఫలము మీది గుండ్రని బొడిపెలు నాబ్లీ. పనసకాయ పైన వాడి మొనలున్నవి గనుక స్పైకీ లేక ప్రిక్లీ. పుట్టలు పుట్టలుగా ఉన్న బెల్లపుముద్ద లంపీ. స్ఫోటకపు మచ్చలవంటి చిన్న గుంటలతో నిండిన పాతరాయి పిట్టెడ్. కమ్మరి దగ్గర అమ్మే కక్కుకొడవలి పళ్ళు వరుసగా, ఒకే కొలతలో ఉంటాయి, అది సెరేటెడ్. పగిలిన సీసాపెంకు అంచు పళ్ళకు వరుస లేదు, కొలత లేదు, అది జాగెడ్. ఈ చివరి రెండింటినీ కలిపి రంపపు అంచు అని పాఠములలో చెబుతూ ఉంటారు. కమ్మరి ఒప్పుకొనడు. కక్కు పెట్టడము అతని పనితనము; పెంకు అంచు ఎవరి పనితనమూ కాదు.

వస్తువును చూపి మాట చెప్పే ఈ పద్ధతి కొత్తది కాదు. ఇరువదవ శతాబ్దపు ఆరంభములో ఈ ఉత్తరాంధ్రకు పాఠశాలల ఇన్‌స్పెక్టరుగా వచ్చిన జె. ఎ. యేట్స్, భాషను నోటివాడుకనుండి సూటిగా నేర్పవలెననే పక్షమువాడు. ఆయన అడిగిన ప్రశ్నలనుండే పర్లాకిమిడి బడిలో పాఠము చెప్పే గిడుగు రామమూర్తిగారి వ్యావహారికభాషా ఉద్యమము చిగిర్చినది. గిడుగువారు అంతకు ముందే సవరల మధ్యకు పోయి వారి మాటలను వారి నోటనే విని వ్రాసుకొన్నవారు. ఆ శ్రమ ఫలితముగానే 1931లో సవరభాషా వ్యాకరణమూ, 1938లో సవర-ఇంగ్లీషు నిఘంటువూ వెలువడినవి. 1962లో భద్రిరాజు కృష్ణమూర్తిగారి ఆధ్వర్యవమున ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమి ప్రచురించిన మాండలిక వృత్తిపదకోశపు మొదటి సంపుటము కూడ పొలములలో రైతుల నోట విని ఏరిన వ్యవసాయపదములతో కూర్చినదే. నేలను, దుక్కిని, గట్టును, చాలును గూర్చి తెలుగువారికి ఎన్ని మాటలున్నవో అటువంటి పుస్తకము తిరుగవేస్తే తెలుస్తుంది. ఇంగ్లీషుకు పది మాటలు, తెలుగుకు ఒకటే అని మొదట అన్నది చేతి నిఘంటువుల మాట మాత్రమే.

గరుకు, ముతక, బిరుసు, కరకు, గతుకు, గాడి, గండి, మిట్ట, బొడిపె, ముడత, కక్కు, సొట్ట. ఈ మాటలు తెలిసిన పిల్లవానికి ఇంగ్లీషు తేడాలు కొత్తగా చెప్పవలసిన పని సగము తగ్గుతుంది. తేడా వాని దగ్గరే ఉన్నది. దానికి ఇంగ్లీషు పేరు తగిలించడమే తరువాయి. ఇంటిలో కువి భాషనో ఆదివాసీ ఒడియానో మాటలాడే పిల్లలు తరగతిలో ఉన్నప్పుడు వారి మాటలను కూడ నల్లబల్లమీద తెలుగుకూ ఇంగ్లీషుకూ ప్రక్కన వ్రాయించవలెను. వాలునూ రాతినీ జారుడునూ గూర్చి వారి భాషలో మనకు లేని విభాగములు ఉండవచ్చును. అటువంటి మాట ఒకటి వచ్చి, దానికి సరిపడే తెలుగుగాని ఇంగ్లీషుగాని ఉపాధ్యాయునికి తట్టకపోతే, ఆ గడిని ఖాళీగా వదలి, గంట కొట్టిన తరువాత ఆ పిల్లవానినే ఆ నేల చూపించమని వెంట నడవవచ్చును.